రాకేశ్‌ను పంపొద్దు

నల్లగండ్లలో ఉన్న అమ్మకు,

కూకట్‌పల్లి నుంచి ఓంకార్ నమస్కారం. నేను బాగున్నాను. మోకాలి నొప్పి తప్ప ఎల్లమ్మత్త కూడా బాగుంది. మీరందరూ క్షేమమని పోచమ్మ చెప్పింది, అందుకని మళ్లీ అడగడం లేదు.

ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేంటని అనుకుంటావు. ఫోన్ చేస్తే "పిల్లలు పండుకున్నరు బిడ్డా, జర మెల్లగ మాట్లాడు" అంటావు. నువ్వు జీతానికి చూసుకునే ఆ పరాయి పిల్లల కోసం మూడేళ్లుగా మెల్లగానే మాట్లాడుతున్నాను. ఇప్పుడు నాకున్న కోపానికి మెల్లగా మాటలు రావు. కాగితం మీద ఎంత అరిచినా ఎవరి పిల్లలూ లేవరు.

నీ చీటీ, దాంతో పంపిన ఫారం పోచమ్మ మొన్న తెచ్చిచ్చింది. మీ అపార్ట్‌మెంట్లలో తుడిచి వచ్చే మనిషి, పాపం, రెండు బస్సులు మారి తెచ్చింది. నువ్వడిగినవాటికి జవాబులు రాస్తాను. వేళకు తింటున్నాను. చొక్కాలున్నాయి, కొనకు. నాయిన కంటి చుక్కలు నేను పనిచేసే మందుల షాపులోనే దొరుకుతాయి, పోచమ్మ చేతికే ఇస్తున్నాను. ఇక కొత్త ఉద్యోగంలో ఎప్పుడు చేరతావని అడిగావు. చివర్లో చిన్న అక్షరాలతో తమ్ముడి సంగతి, "రాకేశ్‌కు వచ్చే నెల పదహారు నిండుతయి, నీ తాన ఉంచుకుంటవా" అని అడిగావు. ఈ రెండింటికీ జవాబు ఒకే చోట ఉంది. ఓపికగా చదువు.

కొండాపూర్ కంపెనీ ఉద్యోగం నాకు ఎవరూ ఇప్పించలేదు. షాపు కౌంటర్ వెనక నిలబడి, పగిలిన ఫోన్‌లో చూసి చూసి, సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే పని నా అంతట నేనే నేర్చుకున్నాను. వాళ్లు కాలేజీ పేరు అడగలేదు, చేసి చూపించమన్నారు, చేశాను. ఇంకా ఒక్కటే మిగిలింది. ఆధార్‌లో ఉన్న ఇంటికి మనిషిని పంపి, నేను అక్కడివాణ్నేనా అని కనుక్కుంటారు. అది అందరికీ చేస్తారు. మన ఇల్లే కదా, నాకేం ఫికర్ అనుకున్నాను.

ఆ మనిషి మన ఇంటికి వచ్చి వెళ్లిన మర్నాడు ఆఫీసులో శిరీష మేడం పిలిచింది. ఉద్యోగాల కాగితాలన్నీ ఆమే చూస్తుంది. "ఓంకార్ గారూ, అడ్రస్ ఏమైనా పొరపాటుగా ఇచ్చారా అండీ?" అంది. లేదన్నాను. లాప్‌టాప్ నా వైపు తిప్పింది. మన తలుపు ఫోటో. గడప దగ్గర వరసగా పిల్లల చిన్న చిన్న చెప్పులు. దాని కింద ఇంకో ఫోటో, ఒక కాగితం. 'ఈ పేరుగల మనిషి ఈ ఇంట్లో లేడు.' ఏమవుతాడు అన్నచోట, 'తెలియదు.' కింద సంతకం, కనకలక్ష్మి.

పదేళ్లు నా ప్రోగ్రెస్ కార్డుల మీద చూసిన సంతకం అమ్మా అది. మొదటి 'క' మీద తలకట్టు నువ్వు పెట్టినట్టు ఇంకెవరూ పెట్టరు. ఎవరో దొంగ సంతకం చేశారని చెప్పుకోవడానికి కూడా నాకు వీల్లేకుండా చేశావు.

"ఈమె మీకు తెలుసా అండీ?" అని మేడం అడిగింది. లాప్‌టాప్ ఆమె వైపుకే తిప్పి, కొంచెం టైం ఇవ్వమన్నాను. నాలుగు వారాలు టైం ఇచ్చారు. ఈలోపు నా అడ్రస్ నిజమని తేలాలి, లేకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

ఆ సాయంత్రమే పోచమ్మను బస్టాపులో పట్టుకుని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నీకు ఎర్క లేదా? పిల్లల్ని పట్టుకునే ఇంట్ల పదహారు దాటినోళ్లు ఎవరెవరున్నరో రాసియ్యాలె, పోలీసోళ్ల కాయితం పెట్టాలె అని తల్లిదండ్రులు రూలు పెట్టిన్రు గద. మీ అమ్మ కొడుకుల్ల చిన్నోడొక్కడే ఉన్నడని రాసింది. నీ పేరు టేషన్ల ఉన్నదని ఆమెకు భయం బిడ్డా."

"మరి నన్ను అత్తకు తోడుగా పంపిన అన్నది?"

"గది నీకు చెప్పనీకి చెప్పింది. ఇగ నన్ను గిండ్లకు గుంజకు."

ఎల్లమ్మత్తకు తోడుండాలె, కాలేజీ దగ్గరైతది, రెండు గదుల్ల ఇరుకైతది అని నువ్వు చెప్పినవన్నీ నమ్మాను. ఆరు దాటి ఆఖరి పాప వెళ్లాకే ఇంటికి రమ్మంటే, నాకు వేడన్నం పెట్టడానికి తీరిక కోసమనుకున్నాను. నా ఫోటో గోడ మీద నుంచి తీసి బీరువాలో పెడితే, పిల్లలు అద్దం పగలగొడతారనుకున్నాను. ఎంత తెలివితక్కువవాణ్ని! కంపెనీవాళ్ల సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పడతాను కానీ, మూడేళ్లలో మా అమ్మ మాటలో ఒక్క తప్పు పట్టలేకపోయాను.

ఆ స్టేషన్ సంగతి కూడా రాయాలి, ఎందుకంటే మన ఇంట్లో ఎవరూ దాని గురించి ఒక్కసారి కూడా పూర్తిగా మాట్లాడలేదు. నాకు పదిహేనేళ్లు. ఖాళీ ప్లాట్‌లో క్రికెట్ ఆడుతుంటే బంతి పోయి కారు అద్దానికి తగిలింది. కారాయన ఫోన్ చేశాడు. నలుగురినీ తీసుకెళ్లారు, పుస్తకంలో పేర్లు రాసుకున్నారు, ఫోటో తీశారు. నాయిన వచ్చి నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. అంతే. ఆ రోజు నుంచి నువ్వు "పేరు కంప్యూటర్లకెక్కింది" అని కుమిలిపోయావు. ఎక్కిందో లేదో ఒక్కరోజైనా ఎవరినైనా అడిగావా?

నేను అడిగాను. పోయిన వారం పోలీసు వెరిఫికేషన్‌కు దరఖాస్తు పెట్టుకుని అదే స్టేషన్‌కు వెళ్లాను. టేబుల్ దగ్గరున్న కానిస్టేబుల్ మొత్తం విని నవ్వాడు.

"బాల్ తాకితే కేసైతదా తమ్మీ? గట్లైతె సగం నల్లగండ్ల జైల్ల ఉంటుండె. అప్పుడు మిమ్ములను బెదిరియ్యనీకి రాసుకుని ఉంటరు, పో."

నిన్న కాగితం వచ్చింది. నా పేరు మీద ఏమీ లేదు. ఎప్పుడూ లేదు. దాని నకలు దీంతో పెడుతున్నాను.

ఇక నువ్వు రాకేశ్ కోసం పంపిన ఫారం. వాడికి పోలీసు కాగితం తీయబోతే నా పేరు బయటపడుతుందని నీ భయం. "ముందు పేజీ నింపిన, ఎన్కది ఇంగ్లీషు, ఏముందో చూడు" అన్నావు. చూశాను. పదహారు నుంచి పద్దెనిమిది ఏళ్ల పిల్లలకు పోలీసు కాగితం అక్కర్లేదని అందులో ఉంది. బడి నుంచి నడవడిక సర్టిఫికెట్, తల్లి సంతకం చాలట. కింద తేదీ కూడా ఉంది. మూడేళ్ల నుంచీ ఇదే ఫారం. అప్పుడు నాకు పదిహేడు. మా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తే పది నిమిషాల్లో ఇచ్చేవాడు. ఆ పేజీ నా చేతికిస్తే చదివిపెట్టేవాణ్ని కదా అమ్మా? నన్నే దాచాలనుకున్నావు కాబట్టి నన్ను అడగలేదు.

ఆ తల్లిదండ్రులను నేను తిట్టను. నా బిడ్డను ఒకరింట్లో వదిలితే, ఆ ఇంట్లో ఎవరెవరున్నారని నేనూ అడుగుతాను. వాళ్లడిగింది న్యాయం. నీ జవాబే అబద్ధం. ఇంటికొచ్చిన మనిషిని ఎవరు పంపారో అడిగావో లేదో, బుజ్జిని చంకనేసుకుని, నేనెవరో తెలియదని నువ్వు రాశావు. పరాయి పిల్లకు గోరుముద్దలు పెట్టే చెయ్యితోనే రాశావు.

ఇప్పుడు నేను చేసింది చెప్తాను. ఇది రాయకుండా ఉత్తరం ముగించేద్దామనుకున్నాను.

ఆ ఫోటో చూసిన రెండో రోజు సాయంత్రం నేను ఇంటికొచ్చాను. ఆరు కాకముందే. నిన్ను పలకరించడానికి కాదు. పిల్లల తల్లులు వచ్చే వేళ చూసుకుని, అందరి ముందు నేనెవరో చెప్పి, నీ పని మూయించాలని వచ్చాను. గేటు దగ్గర బుజ్జి వాళ్లమ్మ ప్రియదర్శిని మేడం నిలబడి ఉంది. నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఎవరు కావాలి?"

చెప్పాల్సింది ఒక్క మాట. మా అమ్మ అంటే చాలు. కానీ ఆ చూపుకు, ఏ తప్పూ చేయనివాణ్ని, నాకే నేను దొంగలా అనిపించాను.

"ఏం లేదు మేడం, గంగమ్మ వాళ్ల ఇల్లనుకున్న."

"ఇక్కడ గంగమ్మ ఎవరూ లేరు. ఇది కనకలక్ష్మి ఆంటీ ఇల్లు."

"ఆమె నాకు తెల్వదు."

లోపలి నుంచి నువ్వు "ఎవరది?" అన్నావు. నీ గొంతు విని కూడా వెనక్కి తిరిగి నడిచాను. నువ్వు కాగితం మీద రాసింది నేను నోటితో అన్నాను. నీకు ఎలా చేతనైందో అప్పుడు కొంచెం అర్థమైంది. అర్థమైనంత మాత్రాన క్షమించాననుకోకు. నాది ఒక్క నిమిషం, నీది మూడేళ్లు.

ఇంకొకటి. ఫారం మీద ఆ తల్లిదండ్రుల నంబర్లున్నాయి. వాళ్లకు నిజమంతా మెసేజ్‌లో రాసి పెట్టుకున్నాను. పంపలేదు. తీసేయనూ లేదు.

నీ చివరి ప్రశ్నకు జవాబు: రాకేశ్‌ను ఉంచుకోను. చోటు లేక కాదు, వాడికి నా మంచమే ఇస్తాను. కానీ వాడు వస్తే, ఇక్కడ పడుకుని, అమ్మ నన్ను ఎందుకు పంపిందని అడుగుతాడు. అత్తకు తోడని నేను చెప్పాలి. నీ అబద్ధం నా నోటితో నేను చెప్పను. వాడు తన ఇంట్లోనే, తన పేరుతోనే పదహారేళ్లు నింపుకోవాలి. వాడి బడి సర్టిఫికెట్ నేనే తెస్తాను, ఫారం రెండు పేజీలూ నేనే నింపుతాను. సంతకం మాత్రం నువ్వు చేయాలి.

కంపెనీ మనిషి సోమవారం పదింటికి మళ్లీ వస్తాడు. నేను తొమ్మిదిన్నరకే వస్తాను, తల్లులు పిల్లల్ని దించే వేళకు, ముందు తలుపు నుంచే. రాకేశ్‌ను ఆ పూట బడికి పంపకు, నాయినను కూడా ఉండమను. ప్రియదర్శిని మేడం ఎవరితను అని మళ్లీ అడుగుతుంది. ఈసారి నేను నోరు తెరవను. ఏం చెప్తావో నువ్వే చూసుకో, వచ్చే నెల తన గతి ఏమిటో రాకేశ్‌కు ఆ మాటతోనే తెలిసిపోతుంది.

ఇట్లు,
నువ్వు కన్న పెద్దోడు,
ఓంకార్