రెండో బ్రేకున్న కారు

ఏమండీ,

కూర ఫ్రిజ్‌లో ఉంది. వేడి చేసుకుని తిన్నాక గిన్నెలో నీళ్ళు పోయండి. షోరూమ్ వాళ్ళు ఫోన్ చేస్తే కొత్త కారు వద్దనుకున్నామని చెప్పేయండి, నసుగుతూ కూర్చోకండి. మా అన్నయ్యని వెంటబెట్టుకుని సెకండ్ హ్యాండ్ కారుకి అడ్వాన్సు ఇవ్వడానికి వెళ్తున్నాను.

పాత కారు కొనడమంటే ఇంకొకళ్ళ తలనొప్పిని ఇంటికి తెచ్చుకోవడమే అన్నారు. నాకూ కొత్తదే కావాలనిపించింది. కానీ ఆదివారం జరిగింది మర్చిపోయారా? షోరూమ్ కారు నేను నడుపుతుంటే పక్కన కూర్చుని, మలుపు మలుపుకీ ఉత్త నేలని దబదబా తొక్కారు. కాళ్ళ కింద మ్యాట్ ముద్దయిపోయింది. వెనకాల కూర్చున్న సేల్స్ ఆయన "సార్‌కి కాలు పట్టేసిందా మేడమ్?" అని అడిగితే నాకు తల కొట్టేసినట్టయింది.

మీ తప్పు కాదులెండి. డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్తూ రోజంతా పక్క సీట్లో కూర్చుంటారు. అక్కడ కాళ్ళ దగ్గరుండే రెండో బ్రేకే మీ ప్రాణాలు కాపాడుతోంది. టీవీలో ఎవరు కారు తోలినా సోఫా కింద మీ కాలు ఆడుతుంది, నేను చూడట్లేదనుకుంటారు.

అందుకే ఈ కారు వెతికాను. ఇంకో డ్రైవింగ్ స్కూల్ వాళ్ళు అమ్మేస్తున్నారు. రంగు వెలిసింది గానీ ఇంజను బంగారమని అన్నయ్య అన్నాడు. రెండో బ్రేకు పీకేసి ఇస్తామన్నారు. నేనే వద్దన్నాను.

తా.క.: నేను సరిగ్గా నడుపుతున్నప్పుడు దాన్ని తొక్కారో, అక్కడే దింపేసి పోతాను. మలుపు దాటాక ఆగుతాను, వచ్చి ఎక్కండి. పరిగెత్తకండి, ఆ మోకాలు అసలే అరిగిపోయింది.