శుభమ్ కోటుకు కాలర్ గుడ్డ

టెంఘర్, భివండి

భూపతి బావకు,

ఇక్కడ అందరం క్షేమం. మా శుభమ్ పెండ్లి పనులు ఆగలేదు, కంగారు పడకు. ఫోనులో చెబితే పక్కనే ఉన్న అమ్మ విని బాధపడుతుందని కార్డు రాస్తున్నాను.

మేనమామగా నువ్వు నేసి పంపిన మీగడరంగు పట్టు గుడ్డతో నిజాంపురా టైలరు శుభమ్‌కు మెడదాకా గుండీలుండే బంద్‌గలా కోటు కుట్టాడు. ఒంటికి సరిగ్గా కుదిరింది. ఆ సంతోషంలో అమ్మ కొత్త బట్టకు పసుపు పెట్టింది. లోపలి అంచుకు కాదు, కాలర్ ముందు భాగానికి.

"అరే అమ్మా, యే క్యా కియా!" అని టైలరు తల పట్టుకున్నాడు.

"పసుపు పెట్టకుంట కొత్త బట్ట ఎట్ల తొడుగుతరయ్యా?" అని అమ్మ ఆయన్నే గదమాయించింది.

మరక పోలేదు. కాలర్ మార్చడానికి అలాంటి గుడ్డ కోసం టైలరూ నేనూ బజారంతా తిరిగాం. ఇన్ని మగ్గాలున్న ఊళ్లో నీ గుడ్డకు జత దొరకలేదు. వేరే కోటు కుట్టిద్దామంటే నీ మేనల్లుడు ఒప్పుకోలేదు. "మా మామ నేసిందే తొడుగుత, ఇంకోటి నాకొద్దు" అన్నాడు.

అదే పడుగు మీద ఇంకో మూర నేసి, ట్రావెల్స్ బస్సులో వెంటనే పంపు. అత్తమ్మ మోకాళ్ల నొప్పి తగ్గిందా? ఆమెను వారం ముందే తీసుకురమ్మని మీ చెల్లె చెప్పమంది.

టైలరు కాలర్ విప్పిన కోటును దుకాణం ముందరే తగిలించాడు. అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ, పెండ్లికొడుకు మేనమామ నేసిన గుడ్డ, భివండిలో దొరకదని చెబుతున్నాడు.

పిల్లలకు మా దీవెనలు.

నర్సింగం