చేతికిచ్చే చాకు

పెదనాయనా,

అమ్మ చెప్పగానే మీరు ఉత్తరం రాశారు. "ఆడపిల్ల సంచిల చాకేంది? వాపస్ చేసెయ్" అన్నారు. చెయ్యను.

మొన్న మా ప్లాంటులో బొగ్గు మోసే బెల్టు దగ్గర నాతో పనిచేసే ఇందుమతి చున్నీ రోలరుకు చుట్టుకుంది. బెల్టు ఆపినా ఆమె మెడకు బిగిసిన ఉరి వదల్లేదు. నేను ఆమెను పట్టుకుని, పక్కనున్న యంకప్పను చాకు ఇమ్మని చేయి చాచాను. "చేతికియ్యొద్దమ్మా, కొట్లాటైతది" అంటూ ఆయన అలవాటుగా కింద పెట్టాడు. చిన్నప్పుడు మీరు నాకు నేర్పిందీ అదే. కాని మా కాళ్ళ కింద ఉన్నది ఇనుప జాలీ. చాకు సందులోంచి జారిపోయింది. చివరికి చున్నీని పళ్ళతో కొరికి చింపాను. ఇందుమతి బతికింది, గొంతు మాత్రం ఇంకా సరిగా రాలేదు.

అందుకే బజారుకు వెళ్ళి వెతికి మరీ కొన్నాను. దుకాణదారు తళతళలాడే మొనల చాకులు చూపించాడు. నేను మొన లేనిది తీసుకున్నాను, బట్ట తెగాలి గాని మెడ తెగకూడదని. ఒంటిచేత్తో తెరుచుకుంటుంది, రెండో చేయి మనిషిని పట్టుకోవాలి కదా. మడిస్తే గుప్పిట్లో ఇమిడిపోతుంది.

ఆదివారం ఇంటికి వస్తున్నాను. దాన్ని చూడాలనుకుంటే చేయి చాచండి. కింద పెట్టను, మీ అరచేతిలోనే పెడతాను. కొట్లాట వస్తే రానివ్వండి.

మీ తమ్ముడి కూతురు