అమ్మ కంటి మీద తూకం

కర్నూలు, 1956

చిరంజీవి ఉరుకుందమ్మకు నాన్న దీవెనలు. ఆసుపత్రిలో పక్క మంచం అయ్యవారితో రాయిస్తున్నాను.

నా కంటి శుక్లం తీసేముందు కంటి బిగువు చూడాలని, డాక్టరు కనుగుడ్డు మీద తూకపు రాయిలాంటి చిన్న పనిముట్టు ఆనిస్తాడు. నేను జంకితే మీ అమ్మ, "ముందు నాకు పెట్టు సామీ, ఆయప్పకు ధైర్యం వస్తాది" అని పడుకుంది. తీరా నా కంటి బిగువు సరిగానే ఉంది, చూపు తినేసే నీటికాసులు అమ్మకు బయటపడ్డాయి! చుక్కలు వేస్తే చూపు నిలుస్తుందట, భయం లేదు. "తోడొచ్చినదానికి రోగమేందప్పా?" అని ఆమె డాక్టరుతోనే పోట్లాట.

ఎనుము ఈనిందా? జొన్నరొట్టెలు పంపు, ఇక్కడి అన్నం కడుపుకు ఆనడం లేదు.

శుక్రవారం నాకు ఆపరేషను. ఇన్నేళ్లు నన్ను చేయి పట్టి నడిపిన మనిషికి, కట్టు విప్పాక మూడు పూటలా చుక్కలు వేసేది నేనే.

మీ నాన్న,
చిన్న ఈరన్న