నడిచే లెక్క, ఇనుము లెక్క

ఆటోనగర్,
విజయవాడ.

కృపకు,

ప్రభువు పేరున స్టీఫెన్ వందనాలు. ఇక్కడ నేనూ అమ్మాయీ కులాసాగానే ఉన్నాం. కువైట్‌లో నువ్వు కూడా అలాగే ఉండాలని రోజూ ప్రార్థనలో నీ పేరు చెప్పుకుంటున్నాం. కంకిపాడు అమలమ్మ సెలవు అయిపోయి మళ్లీ కువైట్‌కు బయలుదేరుతోంది. ఈ ఉత్తరం, గోంగూర పచ్చడి ఆమె చేతికిస్తున్నాను. ఫోన్‌లో చెబుదామంటే జెస్సికా పక్కనే ఉంటుంది. పైగా కొన్ని సంగతులు నాకు నోటితో రావు.

నువ్వు అడిగినవాటికి జవాబులు. బీపీ మాత్రలు మానలేదు. వంటగది కారడం ఆగింది. ఆగింది వానే, నేను బాగుచేయించలేదు. మన పాత ఆమ్నీ వ్యానును ఆదివారం ఆదివారం స్టార్ట్ చేస్తున్నారా అని అడిగావు. అక్కడి పనికి ఇంకో రెండేళ్లకు కాగితాల మీద సంతకం పెట్టనా, వచ్చేయనా అనీ అడిగావు. ఆ రెండింటికీ జవాబు ఒక్కచోటే ఉంది. ఓపికగా చదువు.

జెస్సికా వాళ్ల కాలేజీలో పాత సామాన్లతో తక్కువ ఖర్చులో కారు తయారుచేసే పోటీ పెట్టారని చెప్పాను కదా. గెలిచిన జట్టును ఒక కంపెనీ నేరుగా ఉద్యోగాల్లోకి తీసుకుంటుంది. ఖర్చుకు హద్దు ఉంది. ఊరికే వచ్చిన సామానైనా, ఇంట్లోంచి తెచ్చినదైనా, ఆటోనగర్‌లో దాని ధర ఎంతో అంతా లెక్కలో పడుతుంది. ఆ ధర కట్టడానికి నన్నే పిలిచారు. "పోటీలో మా అమ్మాయి కూడా ఉందండీ" అన్నాను. "ఆటోనగర్‌లో మీ మాటకు తిరుగులేదంట కదండీ స్టీఫెన్ గారూ, మాకది చాలు" అన్నారు వాళ్ల సారు. పొంగిపోయి ఒప్పుకున్నాను.

మా పాత బండ్ల వ్యాపారం లెక్క నీకు తెలియంది కాదు. తాళం తిప్పగానే ఇంజను అందుకుంటే నడిచే లెక్క. అందుకోకపోతే ఇనుము లెక్క, కాటా మీద పెట్టి కిలోల్లో. రెంటికీ చాలా దూరం.

పోటీ వారం ఉందనగా వాళ్లు కొన్న ఇంజను పట్టేసింది. జెస్సికా వచ్చి, "నాన్నా, ఆమ్నీ ఇంజను ఇస్తావా? అంత పాతదానికి ఇనుము రేటేగా పడేది" అంది. ఇచ్చాను. మిగిలిన బాడీ అంతా తుప్పు, దాన్ని కోయించేశాను. నువ్వు వచ్చాక హనుమాన్ జంక్షన్‌లో మీ అక్క ఇంటికి వెళ్దామన్న బండి ఇక లేదు కృపా. నిన్ను అడగకుండా చేశాను.

ఇన్నాళ్లూ నీ మాట ప్రకారం ఆయిలు మారుస్తూ, ఒక్క ఆదివారం కూడా వదలకుండా స్టార్ట్ చేశాను. ఒక్క తిప్పుకే అందుకుంటుంది. దానికి నడిచే లెక్క కడితే పిల్లల కారు హద్దు దాటిపోతుంది. ఆ సంగతి జెస్సికాకు తట్టలేదు. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను, ఏదో ఒకటి చేద్దాంలే అనుకుని.

చేసింది ఇది. ధర కట్టే రోజు పిల్లలంతా టీకి వెళ్లినప్పుడు ఇంజను అందుకోకుండా కాయిల్ వైరు వదులు చేశాను. ఇన్నేళ్ల వ్యాపారంలో ఎవరి బండి మీదా చెయ్యని పని. తనకు ఉద్యోగం వస్తే నువ్వు సంతకం పెట్టకుండా వచ్చేస్తావు. నా బుర్రలో అదొక్కటే ఉంది.

వాళ్ల జట్టులోని జాన్సన్ తాళం తిప్పాడు. అందుకోలేదు. ఇనుము లెక్క రాయబోయాను.

"ఒక్క నిమిషం సార్" అంటూ జెస్సికా వంగి చూసింది. వైరును చూసింది, నన్ను చూసింది. వైరు గట్టిగా నొక్కి, తనే తాళం తిప్పింది. ఇంజను అందుకుంది.

"వైరు వదులైందండీ" అంది అందరికీ వినపడేలా. తర్వాత నా వైపు తిరిగింది. "మా అమ్మ కోసం మా నాన్న ప్రతి ఆదివారం స్టార్ట్ చేసిన బండండీ ఇది. ఇనుమని రాయకండి సార్."

నడిచే లెక్కే రాశాను. వాళ్ల కారును పోటీలోంచి తీసేశారు.

వైరు సంగతి తను ఎవరికీ చెప్పలేదు. నన్ను మాత్రం ఇంట్లో కూడా సార్ అనే పిలిచింది. "అన్నం పెట్టాను, తినండి సార్" అనేది. తిట్టినా బాగుండేది. అలసిపోయాను కృపా. పొద్దున్నే షాపు షట్టరు ఎత్తాలంటే చేతులు రావడం లేదు. ఎవరైనా ధర చెప్పమంటే పక్క షాపుకు పంపేస్తున్నాను.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి పెరట్లో ఇంజను చప్పుడు. జెస్సికా దాన్ని కాలేజీ నుంచి తెచ్చుకుని, చెక్కల మీద బిగించి నడుపుతోంది. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను.

"అమ్మకు రాశావా నాన్నా?" అంది, తలెత్తకుండానే.

"ఏమని రాయను?"

"జరిగింది జరిగినట్టు రాయి. ఇంజను నడుస్తోందని కూడా రాయి."

కనుక మొదటిదానికి జవాబు ఇది. బండి లేదు, ఇంజను నడుస్తోంది. ఇక మీద ఆదివారాలు తనే స్టార్ట్ చేస్తుందట. రెండోదానికి జవాబు, సంతకం పెట్టు కృపా. ఆ ఒక్క మాట రాయలేకే ఇంత కాగితం నింపాను.

ఇట్లు,
జెస్సికా నాన్న,
స్టీఫెన్