ఎనభై సెంటీమీటర్ల గుమ్మం

డిసెంబరు 3

కుడో ఫుకి గారికి,

మీ ఊళ్ళో మంచు కిటికీల దాకా వచ్చిందని తెలిసింది. మీరు వెచ్చగా ఉన్నారని తలుస్తాను.

ఫోనులో మీకు సరిగా వినపడదని చెప్పారు కనుక ఉత్తరం రాస్తున్నాను. మీ తమ్ముడు తొకుజో గారిని చూసుకునే నర్సును. ఆపిల్ పళ్ళు కోస్తూ నిచ్చెన మీదినుంచి పడడంతో ఆయనకు నడుము పైన వెన్నెముక విరిగి, లోపలి నరాల తాడు నలిగింది. ఆపరేషన్ బాగా జరిగింది. కాళ్ళు ఇంకా కదలడం లేదు. తాడు పూర్తిగా తెగలేదు కాబట్టి ఆశ ఉంది. ఎంత ఆశ అన్నది ఇప్పుడే ఎవరూ చెప్పలేరు.

రెండు గంటలకొకసారి ముగ్గురం కలిసి, ఒళ్ళంతా ఒకే వరుసలో ఉండేలా, దుంగను దొర్లించినట్టు ఆయనను పక్కకు తిప్పుతున్నాం. నడుము కింద స్పర్శ లేదు. ఒకే చోట ఒత్తిడి పడి పుండు లేచినా ఆయనకు తెలియదు. అందుకే వీపు, నడుము కింది భాగం, మడమలు రోజూ నేనే దగ్గరుండి చూస్తాను.

మంచులో మెల్లగా నడవమని కోరుతూ,
నరుమి
నర్సు, మూడో అంతస్తు

తా.క.: మీరు పంపిన మూడు వేడినీళ్ళ సంచులూ ఆయన కాళ్ళ దగ్గర పెట్టలేదు. కాలినా తెలియదు కదా. మూడో అంతస్తులో నర్సులం చాలా వెచ్చగా ఉన్నాం. కృతజ్ఞతలు.

*

డిసెంబరు 12

నరుమి గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి ఏడ్చాను, రెండోసారి కోపం వచ్చింది, మూడోసారి కళ్ళజోడు పెట్టుకుని చదివాను.

రెండు గంటలకొకసారి తిప్పడమేమిటి తల్లీ, వాడేమన్నా నిప్పుల మీద చేపా? నిద్రపోతున్న మనిషిని ముగ్గురు పట్టుకుని దొర్లిస్తే వాడు ఊరుకుంటున్నాడా? చిన్నప్పుడు నేను దుప్పటి లాగితేనే కరిచేవాడు. అమ్మ పోయేనాటికి వాడికి నాలుగేళ్ళు, నాకు పద్దెనిమిది. వాడి మడమలు అప్పుడు చూశాను, మళ్ళీ ఇప్పుడు మీరు చూస్తున్నారు. మధ్యలో ఇంకెవరూ చూడలేదు. పెళ్ళి చేసుకోలేదు కదా. పెళ్ళి మాట ఎత్తితే చాలు, నిచ్చెన భుజాన వేసుకుని తోటలోకి పోయేవాడు.

వాడు నడుస్తాడా, నడవడా, అది మాత్రం నాతో దాచకండి.

మీ చేతుల్లో వాణ్ణి పెట్టి ధైర్యంగా ఉన్న,
ఫుకి

తా.క.: మీ వయసెంత? ఊరికే అడుగుతున్నాను. ముల్లంగి ఊరగాయ ఒక జాడీ పంపాను. తిని ఎలా ఉందో చెప్పండి. అదీ ఊరికే.

*

జనవరి 10

ఫుకి గారికి,

కొత్త సంవత్సరం మీకు మేలు చేయాలి.

ఏదీ దాచను. నడుస్తారో లేదో ఇంకా తెలియదు. కానీ కూర్చుంటున్నారు. మొదటిరోజు ఐదు నిమిషాలకే తల తిరిగి ముఖం పాలిపోయింది. ఇప్పుడు పూటకు రెండు గంటలు చక్రాల కుర్చీలో ఉంటున్నారు. పావుగంటకోసారి చేతులు ఆన్చి ఒళ్ళు పైకెత్తమని చెప్పాను. నేను చూడనప్పుడు ఎత్తడం లేదు. ఆ సంగతి మీరు ఒక మాట అంటే బాగుంటుంది.

మంచం మీదినుంచి కుర్చీలోకి మార్చేటప్పుడు ఆయన చేతులు నా మెడ చుట్టూ వేసుకుంటారు, నేను నడుము పట్టుకుని లేపుతాను. మొదట్లో బిగుసుకుపోయేవారు, ఇప్పుడు నమ్మకం కుదిరింది. వీపు, మడమలు తనే చూసుకోవడానికి పొడవాటి పిడి ఉన్న అద్దం ఇచ్చాను. పొద్దునా సాయంత్రం అద్దం వదలడం లేదు.

ఇక ముఖ్యమైన సంగతి. ఇంటికి రావడం గురించి ఇప్పుడే ఆలోచించాలి. మీ ఇంటి గుమ్మాల వెడల్పు, గడపల ఎత్తు, వాకిట మెట్లు ఎన్ని, మరుగుదొడ్డి నేలబారుదా కుర్చీలాంటిదా, ఇవన్నీ కొలిచి పంపండి. గుమ్మం కనీసం ఎనభై సెంటీమీటర్లు ఉండాలి. నేల మీద పరుపు ఇక కుదరదు, మంచం కావాలి.

మీ కొలతల కోసం ఎదురుచూస్తూ,
నరుమి

తా.క.: నాకు నలభై ఒకటి. ఊరగాయ అద్భుతం. జాడీ ఖాళీ.

*

జనవరి 16

మా నరుమికి,

ఇకమీదట ‘గారు’ రాయను, ఏమీ అనుకోకు.

పెద్దదాన్ని కాబట్టి నేనే నోరు తెరవాలి, ఎలా తెరవాలా అని నెల రోజులుగా నలిగిపోతున్నాను. ఇంటి కొలతలు నువ్వే అడిగి నా నెత్తిన పాలు పోశావు. యాభై ఆరేళ్ళుగా అద్దం ముఖం చూడనివాడు పొద్దునా సాయంత్రం చూసుకుంటున్నాడంటే నాకు అర్థం కాదా? మెడ చుట్టూ చేతుల సంగతి నువ్వు దాచకుండా రాశావు. ఈ కాలం వాళ్ళు ధైర్యస్థులు. మా కాలంలో పెళ్ళయిన ఏడాదికి గానీ ఆ మాట కాగితం మీద పెట్టేవాళ్ళం కాదు.

కొలతలు: గుమ్మాలు డెబ్భై. గడపలు పన్నెండు సెంటీమీటర్లు, మా తాత చేత్తో చెక్కినవి. వాకిట మూడు మెట్లు. మరుగుదొడ్డి నేలబారుదే.

తాత గడపను ఇన్నాళ్ళూ రోజూ నేనే తుడిచాను. పక్కింటివాళ్ళు కాలు ఆన్చినా ఊరుకోలేదు. కానీ ఇంటికొచ్చే మనిషికి గడప అడ్డమైతే పోవలసింది గడపే. వడ్రంగి సకుజికి కబురు పెట్టాను. ‘ఇంత మంచులో పనేంటి ఫుకమ్మా, కరిగాక చూద్దాం’ అన్నాడు. ‘మా తొకుజో పెళ్ళిరా’ అన్నాను. చెప్పులు కూడా సరిగా వేసుకోకుండా వచ్చాడు.

నీ రాకకు ఇల్లు సర్దుతున్న,
ఫుకి

తా.క.: నేను యాభై సెంటీమీటర్లలో పడతాను. నీకు ఎనభై కావాలన్నావు. కాస్త బొద్దుగా ఉంటావా? సిగ్గుపడకు, చలి ఊరు, బొద్దుగా ఉంటేనే మంచిది.

*

ఫిబ్రవరి 9

ఫుకి గారికి,

ఈ ఉత్తరం కూర్చుని రాయలేకపోతున్నాను, కాగితం గోడకు ఆనించి నిలబడి రాస్తున్నాను.

ఇవాళ పొద్దున పదింటికి ఆయన కాళ్ళు తుడుస్తున్నాను. రోజూ అడిగినట్టే ‘తొకుజో గారూ, బొటనవేలు కదపండి’ అన్నాను. ‘కదుపుతూనే ఉన్నా, అదే వినట్లేదు’ అన్నారు, రోజూ అన్నట్టే. అప్పుడు ఎడమ బొటనవేలు వంగింది. నేను చూశాను. ఆయన చూడలేదు. ‘మళ్ళీ’ అన్నాను. మళ్ళీ వంగింది. ఈసారి అద్దంలో ఆయన చూశారు. తర్వాత డాక్టరుగారు వచ్చి పరీక్షించారు, ఆయనకూ తొకుజో గారు కదిపి చూపించారు. మధ్యాహ్నానికి మూడో అంతస్తులో బొటనవేలు చూడనివారు లేరు. వంటగదివాళ్ళు కూడా వచ్చి చూసిపోయారు.

బొటనవేలు కదిలినంత మాత్రాన నడుస్తారని కాదు. తొందరపడి చెప్పకూడదు. కానీ కదిలింది, అది నిజం.

మీ ఇంట్లో పని మొదలైందని విని సంతోషించాను. మెట్ల స్థానంలో వాలు వేయించండి. మరుగుదొడ్డిలో కూర్చునే పీట, రెండు పక్కలా పట్టుకోవడానికి కమ్మీలు ఉండాలి. ఈ నెల ఇరవై నాలుగున, మధ్యాహ్నం, నేను, ఇంకో ఇద్దరు కలిసి ఇంటికి వచ్చి చూస్తాం. మంచులో ప్రయాణం ఇప్పుడే వద్దన్నారు కనుక తొకుజో గారు రారు.

రేపు కుడి బొటనవేలిని కూడా అడగబోయే,
నరుమి

తా.క.: మీ పోయిన ఉత్తరం వచ్చిన రోజు ఆయన ఎంత నవ్వారంటే, ‘ఇవాళ పొట్ట కండరాలకు వేరే వ్యాయామం అక్కర్లేదు’ అంది ఫిజియోథెరపిస్టు.

*

ఫిబ్రవరి 18

మా ఇంటి నరుమికి,

బొటనవేలి సంగతి చదివి, ఉత్తరం పట్టుకుని, వినపడని చెవితోనే ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాను. నీ చేతి చలవ. వాడి అదృష్టం రెండు విధాల తిరిగింది.

పని పూర్తయింది. గడపలు లేవు. తాత ఏమనుకుంటాడోనని దీపం పెట్టి క్షమించమన్నాను. గుమ్మాలు ఎనభై అన్నావు, నేను తొంభై చేయించాను, నువ్వు ఇబ్బంది పడకూడదని. వాలు ఎందుకో మొదట అర్థం కాలేదు. పెళ్ళి కిమోనోలో మెట్లెక్కడం కష్టమని సకుజి వివరించాడు. మరుగుదొడ్డిలో కమ్మీలెందుకో మాత్రం ఇద్దరికీ అంతుపట్టలేదు. నగరం అలవాటు కాబోలనుకుని వేయించాం. బాగున్నాయి, నేనూ పట్టుకుంటున్నాను.

నీతో వచ్చే ఇద్దరు మీ అమ్మానాన్నలా? శుభకార్యానికని ఎర్రచిక్కుడు గింజల అన్నం వండుతున్నాను. ఇరవై ముగ్గురు వస్తామన్నారు.

గుమ్మం దగ్గర నిలబడి ఉండే,
ఫుకి

తా.క.: నువ్వు ఆసుపత్రి వ్యాను దిగడం చూడాలని వీధివీధంతా మంచు చెక్కి శుభ్రం చేసింది. మెల్లగా దిగు.

*

ఫిబ్రవరి 25

నరుమి గారికి,

‘గారు’ మళ్ళీ వచ్చింది, గమనించే ఉంటారు.

నిన్న మీరు వెళ్ళాక నేను వంటింట్లోకి పోయి గిన్నెలు తోముతూ ఉండిపోయాను. నా మాట కోసం ఇరవై ముగ్గురూ కాచుకుని కూర్చున్నారు.

వ్యాను ఆగింది. ముందు ఒక అమ్మాయి దిగింది, ఇరవై ఐదేళ్ళు కూడా లేవు. నలభై ఒకటని రాశారే అనుకున్నాను. తర్వాత కొలతల టేపుతో ఒక ముసలాయన దిగాడు. ఆ తర్వాత వ్యాను ఒక పక్కకు ఒరిగి, గడ్డంతో, కుస్తీ పట్టేవాడిలాంటి మనిషి దిగాడు. ‘నరుమి ఏది బాబూ?’ అన్నాను. ‘నేనే నరుమినండీ’ అని నడుం దాకా వంగారు. సకుజి చేతిలోంచి పళ్ళెం పడిపోయింది.

మీరేమో అదేదీ పట్టించుకోకుండా ఖాళీ చక్రాల కుర్చీ తోసుకుంటూ వాలెక్కారు, ప్రతి గదిలోకీ తిరిగారు. ఎక్కడా చక్రం ఆగలేదు. మరుగుదొడ్డి కమ్మీలు పట్టుకుని ఊపి చూశారు. బయటికి వచ్చి ‘నర్సుగా ఈ పద్దెనిమిదేళ్ళలో ఇలాంటి ఇల్లు చూడలేదండీ’ అన్నారు. మీ కళ్ళలో నీళ్ళు చూసి, అనాల్సింది పక్కన పెట్టి మీకు అన్నం వడ్డించాను. అప్పుడు తెలిసింది ఆ ఎనభై ఎవరికోసమో.

ఇప్పుడు అంటున్నాను. నా ఉత్తరాలన్నీ చదివీ, ఒక్క మాట చెప్పాలనిపించలేదా?

జవాబు రాసే దాకా ఊరుకోని,
కుడో ఫుకి

తా.క.: బొద్దే.

*

మార్చి 4

ఫుకి గారికి,

తల దించుకుని రాస్తున్నాను. నరుమి మా ఇంటిపేరు. పేరు గొరో. పెళ్ళయింది, ఇద్దరు పిల్లలు.

మీరు కుంచెతో గొలుసుకట్టుగా రాసే పాతకాలపు రాత చదవడం నాకు రాదు. అడగడానికి సిగ్గుపడి, ప్రతి ఉత్తరం తొకుజో గారి చేతికిచ్చేవాణ్ణి. ఆయనే చదివి వినిపించేవారు. మీ ఇంట్లో అంతమందిని చూశాక అనుమానం వచ్చి, నిన్న మా వంటగది పెద్దావిడ చేత అన్నీ మళ్ళీ మొదటినుంచి చదివించుకున్నాను. ఆవిడ మధ్యలో రెండుసార్లు ఆగి మంచినీళ్ళు తాగింది. మీ తమ్ముడు నాకు సగమే వినిపించారని అప్పుడు తెలిసింది. మిగతాది ఆయన్నే రాయమని కాగితం ఇస్తున్నాను.

మిమ్మల్ని క్షమాపణ కోరుతూ, మీ ఇంటిని మరచిపోలేని,
నరుమి గొరో

తా.క. తొకుజో చేతిరాత:

అక్కా, గొరోని తిట్టకు. తప్పు నాదే.

చక్రాల కుర్చీ కోసం అడిగినా నువ్వు గడపలు తీయించేదానివే. నాకు తెలుసు. కానీ ఒక్కొక్కటి తీస్తుంటే పక్కన కూర్చుని ఏడ్చేదానివి. నేను ఇక్కడ పడుకుని అది ఊహించుకుంటూ ఉండలేకపోయాను. నీ మొదటి ఉత్తరంలోనే గొరోని వయసెంత అని అడగడం చూశాను. పోనీ, నవ్వుతూ తీయించనీ అనుకున్నాను. ఇరవై ముగ్గుర్ని పిలుస్తావని మాత్రం అనుకోలేదు. ఆ ఉత్తరం గొరోకి ‘కొలతలు సరిపోయాయట’ అని ఒక్క ముక్కలో చదివాను.

ఏప్రిల్ ఎనిమిదిన వస్తున్నాను. నువ్వు రెండు రోజులు ముందే వచ్చి ఇక్కడ ఉండాలట. నన్ను ఎలా లేపాలో, మడమలు ఎలా చూడాలో నీకు నేర్పుతాడట. అప్పుడు కరవమన్నా కరవను.

మొన్న రెండు కమ్మీల మధ్య నిలబడ్డాను. మోకాళ్ళు వంగకుండా కట్లు, వెనకాల నడుము పట్టుకుని గొరో. పదకొండు లెక్కపెట్టేదాకా నిలబడ్డాను. నడక వస్తుందో రాదో గొరో చెప్పడు, నేనూ అడగను. కుర్చీలో కూర్చుంటే కిటికీలోంచి కొండ మంచుకొస మాత్రమే కనపడేది. నిలబడేసరికి కింద తోటలు కనపడ్డాయక్కా. కొమ్మలు కత్తిరించేవాళ్ళు అప్పుడే నిచ్చెనలు వేశారు.