క్వారీకి రెండో అర్థం

ఎల్బీ నగర్,
ఆదివారం, చర్చి నుంచి వచ్చాక

ప్రియమైన రూతక్కకు,

నీ చెల్లెలు సలోమి వందనాలు. దేవుని దయవల్ల నేనూ మీ మరిదీ ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వు, బావ, పిల్లలు ఎలా ఉన్నారు? నాయిన దగ్గు తగ్గిందా? క్వారీకి పోయేటప్పుడు ముక్కుకు తువ్వాల కట్టుకొమ్మని చెప్పు. నేను చెబితే వినడు, నువ్వు చెబితే వింటాడు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. బంద్ ఉన్న రోజున బస్సులు ఉండవు. బడి తెరిచే ఉంటే దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచే పోతాను. అలవాటైంది, నువ్వు దిగులుపడకు. తిండికి లోటు లేదు, కానీ ఇక్కడి కారంలో ఘాటు లేదు. ఎవరైనా వస్తుంటే మన మిరపకాయ తొక్కు ఒక సీసా పంపు.

ఫోన్లో చెప్పలేక దాచిన మాట ఒకటుంది. అందుకే రాస్తున్నాను.

మా బడిలో నేను ఎనిమిదో తరగతికి ఇంగ్లీషు చెప్పేదాన్నని నీకు తెలుసు. పాఠంలో ఒక వాక్యం వచ్చింది. పొగమంచులో వేటగాడు తన క్వారీని పోగొట్టుకున్నాడని. మనకు క్వారీ అంటే తెలియనిదా? నాయిన ముప్పై ఏళ్లుగా రాళ్లు కొడుతున్న చోటు. వేటగాడికి ఒక రాళ్ల క్వారీ ఉంది, మంచు కమ్మేసి దానికి పోయే దారి దొరకలేదు అని చెప్పాను. పిల్లలు రాసుకున్నారు.

ఆ నెలలోనే మాధవి అని ఒకామె కొత్తగా చేరింది. వాళ్లది భీమవరం వైపు. స్టాఫ్ రూంలో నాకు సాయంగా ఆ పిల్లల నోట్సులు దిద్దుతూ, ఆమె నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినబడకుండా చెప్పింది.

"సలోమి గారూ, ఏమనుకోకండి. ఇక్కడ క్వారీ అంటే రాళ్లది కాదండీ. వేటగాడు తరుముతున్న జంతువు. నాక్కూడా డిగ్రీ దాకా తెలీదు."

ఆ చివరి మాట నా మీద జాలితో అన్నదేనని నాకు తెలుసు. దానికే ఒళ్లు మండింది. పక్క బల్ల దగ్గరున్న ప్రిన్సిపాల్ సార్ చెవిన పడనే పడింది.

"సలోమీ, రేపటి సంది ఎనిమిదికి మాధవి పోతది. నువ్వు మూడో తరగతి చూస్కో" అన్నాడు.

ఆ రోజు నుంచి నాకు ఆమె తప్ప ఇంకేమీ కనబడలేదక్కా. ఆమె ఇంగ్లీషు, ఇస్త్రీ చీర, గంట కొట్టగానే ఆమె చుట్టూ మూగే పిల్లలు. ఒకసారి ఆ తరగతి కిటికీ పక్కన నిలబడి విన్నాను. వేటాడే జంతువు దేన్ని తింటుందో అది ప్రే అట. మనిషి సరదాకు వేటాడే జంతువులన్నీ గేమ్ అట, ఎన్ని ఉన్నా గేమ్సు అనకూడదట. తరుముతున్నంత సేపూ అది క్వారీ. పోలీసులు వెంటాడే దొంగను కూడా అలాగే అనొచ్చట. ఎంత బాగా చెప్పింది! నాకు మెచ్చుకోబుద్ధి కాలేదు. ఆమె నోటి నుంచి ఒక్క తప్పయినా రాకపోతుందా అని చెవులు రిక్కించి నిలబడ్డాను. రాలేదు.

తర్వాత ఒక బంద్ రోజున బడికి నలుగురమే వచ్చాం. రోడ్డు మీద జై తెలంగాణ అని ఊరేగింపు పోతోంది. మాధవి కిటికీ మూయబోతే అందరి ముందూ అనేశాను.

"ఎందుకు మూస్తవ్? మా కొలువులన్నీ మీరే గుంజుకుంటిరి. ఇప్పుడు మా మాట కూడ వినబడొద్దా?"

ఆమె చెయ్యి కిటికీ మీదే ఆగిపోయింది. "గోల ఎక్కువగా ఉందని మూస్తున్నానండీ, అంతే" అంది.

అక్కా, తెలంగాణ రావాలని నేనూ ఊరేగింపుల్లో నడిచాను. ఆ కోరిక నిజం. కానీ ఆ రోజు నాతో మాట్లాడించింది ఆ కోరిక కాదు, నా కుళ్లు. నా కుళ్లుకు జెండా కప్పి తెచ్చాను. ఆ సంగతి ఆమెకు తెలియదు, నాకు తెలుసు.

పదిహేను రోజులకు ఆమె బడి మానేసింది. "మా ఆయనకు విజయవాడ బదిలీ అయిందండీ" అని అందరితో చెప్పింది. నిజమే కావచ్చు. పోయేటప్పుడు నా దగ్గరికి కూడా వచ్చింది. "వెళ్లొస్తానండీ" అంది. "మంచిది" అన్నాను. క్షమించమని అడగాల్సింది, అడగలేదు.

ఎనిమిదో తరగతి మళ్లీ నాకే ఇచ్చారు. మొదటి రోజే, క్వారీకి నేను చెప్పిన అర్థం తప్పు, కొట్టేయండి అన్నాను. ముందు బెంచీలో కూర్చునే స్వప్న లేచింది.

"కొట్టేయొద్దన్నది టీచర్, మాధవి మేడం. మీరు చెప్పింది కూడ అర్థమేనట. రాళ్ల క్వారీ ఎట్లుంటదో ఆమె ఎన్నడు చూడలేదంట, సలోమి టీచర్‌నే అడుగుండ్రి అన్నది."

నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టేశాను. తర్వాత గంట కొట్టే దాకా నాయిన గురించి చెప్పాను. రాయికి ఎలా బెజ్జం వేస్తారో, మందు పేల్చే ముందు ఈల ఎందుకు వేస్తారో. పిల్లలు కదలకుండా విన్నారు. అంతా అయ్యాక స్వప్న, "మాధవి మేడం ఉంటే మస్తు ఖుష్ అవుతుండె" అంది. చూడక్కా, మనిషి ఊరు దాటి పోయినా, ఆ మాటకు నాకు మళ్లీ కుళ్లు పుట్టింది.

ఈ సంగతి నాయినకు చెప్పొద్దు. బావకూ, పెద్దమ్మకూ నా వందనాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. నీ ప్రార్థనలో నన్ను మరిచిపోకు, ఈ గుణం పోవాలని అడుగు. విజయవాడ చిరునామా ఆఫీసులో అడిగి తెచ్చుకున్నాను. ఈ కాగితం ఆమెకు రాద్దామనే తీశాను. మాధవి గారికి అని రాశాక చెయ్యి ముందుకు సాగలేదు. అది కొట్టేసి నీ పేరు రాశాను. పైన ఆ కొట్టివేత కనబడితే ఏమీ అనుకోకు.

ఇట్లు
నీ ప్రేమగల చెల్లెలు
సలోమి